బర్గూరులో హోమ్‌కు పోని మిషన్

నేను హోసూరులో ఇనుమును కోసి చెక్కే మిల్లింగ్ మిషన్లు రిపేరు చేసే చిన్న షెడ్డులో పనిచేస్తాను. ఆయుధపూజ సెలవులు అయిన మొదటి రోజు పొద్దున్నే, మిషన్ నడవడం లేదని బర్గూరు నుంచి ఫోను వచ్చింది. మా ఓనరు వెంకటేశన్నకు నడుం పట్టుకుంది. "రేయ్ సీనా, ఈసారి నువ్వొక్కడే పో. బొమ్మ మాదిరి నిలబడుకోని రావద్దు, నోరు తెరిచి అడుగు" అన్నాడు. కొత్తవాళ్ల ముందు నాకు మాట రాదని ఆయనకు తెలుసు.

ఏడు గంటలకు హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సు ఎక్కాను. ఆ వేళకు జనమంతా హోసూరు ఫ్యాక్టరీలకు వస్తుంటారు కాబట్టి అటు వెళ్లే బస్సులో సీటు సులభంగా దొరుకుతుంది. టూల్స్ బ్యాగు ఒళ్లో పెట్టుకుంటే కండక్టరు చూసి, "ఇనుప సామానా? కింద పెట్టప్పా, బ్రేకు ఏస్తే నా కాలు పోతుంది" అన్నాడు. శూలగిరి మీదుగా కృష్ణగిరికి గంటా పావు పట్టింది. అక్కడ ఇడ్లీ తిని తిరుపత్తూరు బస్సు ఎక్కితే బర్గూరు అరగంట. రెండు టికెట్లూ కలిపి వంద రూపాయల లోపే.

ఫోను చేసిన షెడ్డు నాగరాజన్నది. ఆయనకున్నది ఒకే మిషన్, అదీ సెకండ్ హ్యాండ్. నన్ను చూసి నా వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమో అని రోడ్డు వైపు చూశాడు.

"ఓనరు రాలేదా?"

"నడుం పట్టుకుందన్నా."

"సాయంత్రం లారీకి ప్లేట్లు ఎక్కించల్ల. లేకుంటే ఆ కంపెనీవాళ్లు పని వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. నీతో అయితాదా?"

తల ఊపాను.

మిషన్ ఆన్ చేయగానే, ఇనుప ముక్కను బిగించే టేబుల్ ఒక చివరికి వెళ్లి, అక్కడున్న చిన్న స్విచ్‌ను తాకి, తన సున్నా ఎక్కడో తెలుసుకోవాలి. ఆ చోటు హోమ్, అక్కడికి పోవడాన్నే హోమింగ్ అంటారు. ఇక్కడ ఎక్స్ యాక్సిస్, అంటే టేబుల్ ఎడమకూ కుడికీ జరిగే దిక్కు, హోమ్‌కు పోకుండా వెనక్కి కొంచెం జరిగి అలారం కొడుతోంది. మోటారు పోయిందని నాగరాజన్న అనుమానం. చేతి చక్రంతో టేబుల్‌ను మధ్యకు తెచ్చాను, బాగానే కదిలింది. తెరమీద స్విచ్‌ల పేజీ తెరిస్తే, టేబుల్ మధ్యలో ఉన్నా ఎక్స్ స్విచ్ 'ఒకటి' అనే చూపిస్తోంది. అంటే తాను హోమ్ మీదే ఉన్నానని మిషన్ అనుకుంటోంది.

కరెంటు ఆపి కవరు విప్పాను. వైరు బాగుంది. స్విచ్ పిన్ను మాత్రం లోపలికి నొక్కుకుని ఇరుక్కుపోయింది. దాని చుట్టూ పసుపుగా ఏదో గట్టిపడింది. గోరుతో గీకి వాసన చూశాను. గంధం.

గడప దగ్గర నాగరాజన్న వాళ్లమ్మ కూర్చుని ఉంది. ఎలా అడగాలో తెలియకపోయినా ఆమె దగ్గరికి వెళ్లాను.

"అవ్వా, పూజకు లోపల గూడా బొట్టు పెట్టినావా?"

"పెట్టకుంటే ఎట్లప్పా? మా నాగరాజు కవరు తీసి తుడుస్తా ఉండె, అప్పుడే పెట్టినా. బయట పెట్టి, లోపల కష్టపడేదాన్ని మరిస్తే అలగదా?"

"పెట్టినాక గూడా అలిగింది చూడమ్మా" అని నాగరాజన్న నవ్వాడు. అవ్వ మొహం చిన్నబోయింది.

"పూజతో ఏం కాలేదవ్వా, గంధం ఎండి పిన్ను పట్టేసింది, అంతే. ఇంకా యాడ పెట్టినావో చూపిస్తావా?" అన్నాను. అంత పొడుగు మాట నేనే అన్నానా అనిపించింది.

అవ్వ లేచి వచ్చి, మిగతా రెండు దిక్కులకున్న హోమ్ స్విచ్‌లూ చూపించింది. వాటిలో ఒకటి అప్పటికే జిగటగా కదులుతోంది. మూడింటినీ కిరోసిన్, బ్రష్‌తో కడిగి ఆరబెట్టాను. కరెంటు ఇస్తే తెరమీద ఎక్స్ స్విచ్ 'ఒకటి' పోయి 'సున్నా' అయింది. ఎక్స్ హోమ్‌కు వెళ్లి ఆగింది. వెంట్రుకంత తేడా కూడా చూపే డయల్ గేజి పెట్టి మళ్లీ మళ్లీ హోమ్ చేయించాను, ముల్లు ప్రతిసారీ ఒకే చోట నిలిచింది. మొదటి ప్లేటు కొలిచి నాగరాజన్న వెంటనే రెండోది బిగించాడు. నేను బయలుదేరేసరికి లారీలోకి పెట్టెలు ఎక్కుతున్నాయి.

తిరుగు బస్సులో ఆలోచించాను. అవ్వను అడగకుండా ఆ ఒక్క స్విచ్ కడిగి వచ్చేసి ఉంటే, రెండు రోజుల్లో రెండోది పట్టేసి మళ్లీ పని ఆగేది. అప్పుడు తప్పు మిషన్‌దనే అనుకునేవాళ్లం. తెర చెప్పింది ఒక్క స్విచ్ గురించే, మిగతా రెండూ అవ్వకు తెలుసు. మాట్లాడటం నాకు ఇంకా కష్టమే, కానీ అది కూడా పనిలో భాగమే అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇలాంటి పనికి వెళ్లేవాళ్లు స్పానర్ తీయకముందే ఒకటి అడగండి: చివరిసారి బాగా నడిచిన తర్వాత ఈ మిషన్‌ను ఎవరెవరు ముట్టుకున్నారు?