యాట్ చూద్దామని వెళ్తే పడవ ఎక్కనివ్వలేదు

మా కాన్వెంటు లైబ్రరీలో ఓడల బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. నేను తప్ప దాన్ని ఇంకెవరూ తీసేవారు కాదు. అందుకే, విశాఖ హార్బరులో దొరల కాలంనాటి తెరచాప షికారు ఓడ, యాట్ ఉందనీ, వచ్చే వారం దాన్ని విరగ్గొట్టేస్తారనీ బాబాయి చెప్పగానే, ఎవరినీ ఏదీ అడగని నేను తీసుకెళ్లమని అడిగాను.

విజయనగరంలో తెల్లవారగానే పాసింజరు ఎక్కితే ఎండ ముదరకముందే విశాఖ చేరతాం. టిక్కెట్టు రెండు రూపాయల లోపే. స్టేషను నుంచి రేవుకి రిక్షా దొరుకుతుంది. పెద్ద ఓడలను లాగే టగ్గులు ఒడ్డు నుంచే బాగా కనిపించాయి. వాటిలో ఒక పాత ఆవిరి టగ్గు, మూతికి లావుపాటి తాళ్ల గడ్డం కట్టుకుని, తనకు ఎన్నో రెట్లున్న ఖనిజం ఓడను లాక్కొస్తోంది. యాట్ మాత్రం అవతలి గట్టున, సరుకులు మోసే ఒక బార్జి చాటున ఉంది.

చేపల పడవవాడు దగ్గరకు తీసుకెళ్తానన్నాడు. నేను కాలు ఎత్తగానే తెడ్డు అడ్డం పెట్టాడు.

"నువ్వొద్దు పాపా. ఆడకూతురు కాలెడితే వల్లో సేప పడదు. బాబుగోరు వస్తారు."

ఓడలంటే ఏమాత్రం ఇష్టంలేని బాబాయి వెళ్లి, చుట్ట కాల్చుకుని వచ్చాడు.

"వెనక పేరేం రాసుంది బాబాయ్?"

"ఏదో ఇంగ్లీషు. చూళ్లేదే, ఎండ."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. బాబాయి దిగేదాకా నడుంలోతు నీళ్లలో నిలబడి ఆ పడవను పట్టుకున్నది పడవవాడి భార్య. అతను ఆమెను అప్పలకొండా అని పిలిచాడు. పడవ మూతి మీద తెల్లరంగుతో రాసి ఉన్నదీ ఆ పేరే.

"నీ పేరే కదా?" అన్నాను.

"నా పేరే ఎట్టినాడు. నన్నే ఎక్కనీడు. పేరుకి కాళ్లుండవు గావాల" అని మొగుడికి వినపడేలా అంది.

"ఒసే, కబుర్లాపి గంప అందుకో" అన్నాడతను.

ఆమె గంప నెత్తికెత్తుకుని, "అద్దరికి పోయే ఫెర్రీకి ఈ పట్టింపు నేదు. నాతో రా పాపా" అంది.

బాబాయిని ఒడ్డున వదిలేసి, ఫెర్రీలో చేపల గంప పక్కన కూర్చున్నాను. బార్జి దాటగానే యాట్ కనిపించింది. టేకు చెక్క ఎండకు బూడిదరంగు తిరిగింది. ఇత్తడి కడ్డీలు అప్పుడే ఎవరో ఊడదీసుకుపోయారు. వెనక అక్షరాలు కూడబలుక్కుని చదివాను: మార్గరెట్.

"అంటే ఏటి?"

"ఎవరో దొరసాని పేరు."

అప్పలకొండ దాన్నే చూస్తూ, "ఆ దొర ఆవిణ్నైనా ఎక్కనిచ్చినాడా?" అంది.

ఆ సంగతి నా పుస్తకంలో లేదు. పడవకు పసుపు రాస్తారు, బొట్టు పెడతారు, అమ్మా అని దండం పెడతారు. అమ్మను మాత్రం నీళ్లలో నిలబెడతారు. చూడాలనుకున్నది చూశాను గాని, బాబాయికి ఊరికే దొరికినంత దగ్గరగా కాదు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

మీరు వెళ్లేసరికి యాట్ ఉండదు, టగ్గులుంటాయి. చేపల పడవలను బతిమాలకండి. ఫెర్రీ ఎక్కి ఎడమవైపు కూర్చోండి. మగతోడు ఒడ్డున ఉంటే చాలు.