ముందు పళ్ళ వారసత్వం

మా ఇంట్లో జామకాయను ఎవరూ కొరికి తినేవారు కాదు. కత్తిపీట మీద కోసి, ముక్కల్ని దవడ పళ్ళ కిందికి తోసి నమిలేవాళ్ళం. చెరుకు గడ వాకిట్లోకి వస్తే మా తాత దాన్ని పామును చూసినట్టు చూసేవాడు. సకినాలు చేసిన రోజుల్లో అమ్మ వాటిని రోట్లో వేసి నాలుగు దెబ్బలు కొట్టి, తునకలు చేసి పళ్ళెంలో పెట్టేది. ఇంటికొచ్చిన చుట్టాలు మమ్మల్ని మహా సుకుమారులనుకునేవారు. సుకుమారం కాదు, వృత్తి. ముందు పళ్ళు లేనివాడు బ్యూగిల్ ఊదలేడు. పెదవికి వెనక నుంచి ఆనిక ఉండాలి. లేకపోతే వచ్చేది నాదం కాదు, గాలి.

తాత నిజాం పల్టన్‌లో బ్యూగిల్ ఊదినవాడు. పల్టన్ పోయింది, నిజాం రాజ్యం పోయింది, బ్యూగిల్ మాత్రం తాత వెంట హన్మకొండ వచ్చింది. ఎలా వచ్చిందని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. బాపు ఒక మగపిల్లల హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు, బ్యాండు మాస్టరు. ఆగస్టు పదిహేను, జనవరి ఇరవై ఆరు మా ఇంటి పండుగలు. దసరా, దీపావళి ఊరివాళ్ళ పండుగలు. వాటికి మేం ఊరికే కొత్త బట్టలు కట్టుకునేవాళ్ళం.

ఆస్తి పంపకాల గొడవ మా ఇంట్లో ఎప్పుడూ లేదు. ఆస్తి లేకపోవడం ఒక కారణం. రెండోది తాత పెట్టిన చట్టం. ఊదేవాడి ముందు పన్ను ఊడిన రోజున బ్యూగిల్ పళ్ళున్నవాళ్ళ చేతికి పోవాలి. తన పన్ను ఊడిన సాయంత్రమే తాత పెట్టె తెచ్చి, వాడకట్టు వాళ్ళందరి ముందు బాపు చేతిలో పెట్టాడట. "ఇగ ముందట నువ్వు నిలవడు. నేను ఎనుక కూసోని వింట" అన్నాడట. అన్న మాట ప్రకారం చనిపోయేదాకా వెనకే కూర్చుని విన్నాడు.

లెక్క ప్రకారం బాపు తర్వాత నేను. కానీ నేను చిన్నప్పుడే ఖిల్లాలో దుంకులాడుతూ, కాకతీయుల కాలం నాటి ఒక రాతికి మళ్ళీ మొలవని ముందు పళ్ళు రెండు సమర్పించుకున్నాను. ఆ రాయి ఇప్పటికీ బాగానే ఉంది. బాపు నా నోరు తెరిచి చూసి, "డ్రమ్ముకు పండ్లతోని పన్లేదు తియ్" అని బడి బ్యాండులోని సైడ్ డ్రమ్ము నా మెడకు తగిలించాడు. దాంతో వంతు అక్కకు వచ్చింది.

అక్క పళ్ళు దానిమ్మ గింజల్లా ఉండేవని అమ్మ అనేది. బాపు ఉపమానాల జోలికి పోలేదు, "పనికొస్తయ్" అన్నాడు. ఇంటి వెనక ఖాళీ జాగాలో సాయంత్రాలు నేర్పాడు. ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి బండ్లు పోయే రోజుల్లో ఆ దారంతా ఘాటు. ఊపిరి నిండా పీలిస్తే మనిషి దగ్గి దగ్గి కూలబడాలి. అక్క ఆ గాలిలోనే దమ్ము పట్టడం నేర్చుకుంది. పక్కింటి అమ్మమ్మ మొదట్లో "ఆడివిల్లకు ఈ బూరేందే?" అని తిట్టేది. తర్వాత తర్వాత, అక్క ఊదని రోజున "ఇయ్యాల పొద్దు గూకలేదా ఏంది?" అని అడిగేది.

ఒక రోజు బాపే అన్నాడు. "నా పన్ను ఊడిన్నాడు ఇది నీదే బిడ్డా. జెండా కాడ నువ్వే ఊదుతవు."

అక్క ఆ మాటను నమ్మింది. ఇంటర్ చదివే ఆడపిల్లలు మనసులో ఏవేవో కోరుకుంటారంటారు. మా అక్క కోరుకున్నది బాపు పన్ను ఊడాలని.

ఊడింది. నలభై ఏళ్ళు జామకాయల నుంచి, చెరుకు నుంచి, సకినాల నుంచి కాపాడుకున్న పన్ను ఒక జనవరి నెలలో ఉప్మాలో ఊడింది. బాపు దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. అక్క ముఖం దాచుకోవడానికి వంటింట్లోకి పోయింది. బాపు పన్నును గుడ్డలో చుట్టి బ్యూగిల్ పెట్టెలో పెట్టాడు. పెట్టె మాత్రం అక్క చేతిలో పెట్టలేదు.

మర్నాడు స్కూలు నుంచి వచ్చి చెప్పాడు. "నువ్వే ఊదుతవు బిడ్డా. కాకపోతె మగపిల్లల బడి గద, ఆడివిల్ల ముందట నిలవడితె మంచిగుండదన్నడు హెడ్‌మాస్టర్ సారు. షామియానా ఎనుక నిలవడి ఊదు. నేను ముందట పట్టుకోని నిలవడ్త."

అమ్మ బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. "పన్ను మీదాయె, దమ్ము దానిదాయె. మరి దండ ఎవలికి?"

"నీకెందుకే నడుమ?" అన్నాడు బాపు.

"వచ్చే యేడు ముందట నేనే గద బాపూ?" అంది అక్క.

"సూద్దాం."

ఇరవై ఆరున బాపు, తాత నాటి బ్యూగిల్‌ను చింతపండుతో తళతళా తోమించుకుని, జెండా ముందు నిలబడి పట్టుకున్నాడు. అక్కకు స్కూలుది, సొట్టలు పడ్డది ఇచ్చారు. నేను డ్రమ్ము మీద రోల్ కొట్టాను, జెండా విచ్చుకుంది, బాపు బుగ్గలు పూరించాడు, తెర వెనక నుంచి అక్క ఊదింది. చుట్టూ బడి గోడలు. చప్పుడు ఎటు నుంచి వస్తోందో ఎవరు పట్టించుకుంటారు? బ్యాండు పిల్లలకు తెలుసు. బాపు బెత్తం కూడా వాళ్ళకు తెలుసు.

అంత బాగా ఆ మైదానంలో ఎవరూ ఊదలేదు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాఫీసరు బాపును పిలిచి, "ఈ వయసులో ఏం ఊపిరండీ మాస్టారూ!" అని శాలువా కప్పాడు. పంటి సందు కనబడుతుందని బాపు నోరు మూసుకునే నవ్వాడు. అందరూ దాన్ని వినయమనుకున్నారు.

తెర వెనక బూంది పొట్లాలు కడుతున్న వంటమనిషి ఒక్కడే అక్కను చూసినవాడు. "జబర్దస్త్ ఊదినవ్ చెల్లే" అని రెండు పొట్లాలు ఎక్కువిచ్చాడు. అక్కకు అందిన సన్మానం అదే.

ఇంటికొచ్చి బాపు శాలువా మేకుకు తగిలించాడు. అక్క ఎదురుగా నిలబడింది. బాపు బూట్లు విప్పుకుంటూ, "ఆఖర్ల దమ్ము జర తగ్గింది" అన్నాడు.

ఆ యేడాదిలో బాపు దవాఖానకు పోయి పళ్ళు కట్టించుకున్నాడు. కట్టుడు పళ్ళతో పెరట్లో ఒకసారి ఊది చూశాడు. నాదం బ్యూగిల్‌లోనే ఉండిపోయింది, పళ్ళు మాత్రం తులసి గద్దె దాకా పోయాయి. నవ్వాల్సిన సందర్భమే. మేం నలుగురం ఎవరి పని వాళ్ళు చేసుకున్నాం.

మళ్ళీ జనవరి వచ్చింది. అక్క తెల్ల లంగా ఓణీ గంజి పెట్టి ఇస్త్రీ చేసుకుంది. పొద్దున్నే బాపు, "ఈసారి గూడ ఎనుకనే బిడ్డా. మస్తు అడిగిన, సారు ఒప్పుకోలే" అన్నాడు. అక్క ఇస్త్రీ చేసినవే కట్టుకుంది.

షామియానా వెనక నేను డ్రమ్ము పట్టీ బిగించుకుంటుంటే, అక్క సొట్ట బ్యూగిల్‌ను ఓణీతో తుడుస్తోంది. బూంది సంగతి చూడటానికి హెడ్‌మాస్టరు అటు వచ్చాడు. అక్కను చూసి ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

"ఏం బిడ్డా, బాపు ఊదుతాంటె సూడనీకి అచ్చినవా? గీడ నిలవడ్డవేంది, ఏం కనవడ్తది? ముందటికి రా, ఆడోళ్ళకు కుర్చీలేశినం." తర్వాత ఆమె చేతిలోది చూశాడు. "నీకు గూడ నేర్పిండా? మరి చెప్పడేంది మీ బాపు! ఎన్నడన్న మన బడిల గూడ ఊదకపోయినవా, మా పోరగాళ్ళకు జర సిగ్గన్న అచ్చు."

ఆయన వెళ్ళిపోయాడు. అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఎవరూ వద్దనలేదన్నమాట. అసలు ఎవరినీ ఎవరూ అడగనే లేదు.

నేను పోయి వరసలో నిలబడ్డాను. రోల్ మొదలుపెట్టాను. జెండా విచ్చుకుంది, పూలు రాలాయి. బాపు తాత బ్యూగిల్ పైకెత్తి, ఛాతీ విప్పి, బుగ్గలు పూరించాడు.

ఏమీ వినబడలేదు.

బ్యూగిల్ మొదలైతే గాని డ్రమ్ము ఆగకూడదని బాపే నేర్పాడు. నేను ఆపలేదు. చేతులు లాగుతున్నా కొడుతూనే ఉన్నాను. అతిథిగారు సెల్యూట్ దించలేదు. బాపు బుగ్గలు దించలేదు. మైదానంలో ఎవరో పిల్లవాడు కిసుక్కుమన్నాడు. చివరకు తెలుగు పండితులు తెగించి జాతీయగీతం ఎత్తుకున్నారు, దేశం గట్టెక్కింది.

తర్వాతి యేడు స్కూలుకు టేప్ రికార్డరు వచ్చింది. దానికి పళ్ళతో పని లేదు. బాపుకు డ్రిల్లు పీరియడ్లు మిగిలాయి.

అది తర్వాతి సంగతి. ఆ రోజు బాపు యూనిఫాంలోనే ఇంట్లోకి వచ్చి, టోపీ కూడా తీయకుండా అడిగాడు. "ఎందుకూదలేవే?"

అక్క అప్పటికే వచ్చి గడప మీద కూర్చుని ఉంది. "సారు కుర్చీ ఏశిండు బాపూ. తాత లెక్క కూసోని ఇందామనుకున్న, నువ్వు ఊదుతవేమోనని."

బాపు నా వైపు చూశాడు. నేను డ్రమ్ము వైపు చూశాను. అమ్మ ఎవరి వైపూ చూడలేదు.

సంక్రాంతి సకినాల డబ్బా ఇంకా సగం ఉంది. అక్క లేచి మూత తీసింది. రోట్లో పడని సకినం ఒకటి, గుండ్రంగా, చెక్కుచెదరనిది ఏరుకుని ముందు పళ్ళ మధ్య పెట్టి కటుక్కున కొరికింది.

"ముందు పండ్లతోని కొరకకే!" అన్నాడు బాపు. అలవాటు మరి, ఆ మాట ఆయన నోట్లోంచి దానంతటదే వచ్చింది.

అక్క దాన్ని పూర్తిగా తిని, ఇంకొకటి తీసుకుంది.