గోలు ముందు మా బావమరిది

మొన్న మా ఆవిడ, పక్క ఫ్లాటు వాళ్ళమ్మాయికి మంచి ర్యాంకు వచ్చిందనీ, అభినందనల పోస్టరొకటి చేసి మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టమనీ అడిగింది. ఫోన్లో అవి చేయడం మర్చిపోయానన్నాను. పచ్చి అబద్ధమని ఆవిడకీ తెలుసు. వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఆ పని మానేసి ఆరేళ్ళయింది. ఆఖరిసారి చేసింది ఆవిడ తమ్ముడికే.

మా బావమరిది ఇక్కడే, కువైట్‌లోని అబ్బాసియాలో మాతోనే ఉంటూ ఒక ఏసీల కంపెనీలో మెకానిక్‌గా చేసేవాడు. ఐస్ స్కేటింగ్ రింకులో ఐసు గడ్డకట్టించే చిల్లర్ మిషను బాగుచేయడానికి వెళ్ళి, అమలాపురంలో గోళీసోడా కొట్లో తప్ప ఐసు చూడనివాడు, దాని మీద మనసు పారేసుకుని వచ్చాడు. ముప్పై దాటాక స్కేట్లు కట్టాడు. మొదటి మూడు నెలలూ వాడి నడుముకి నొప్పుల మందు రాయడమే మా ఆవిడకు పని. అక్కడ ఇంజనీర్లు, టీచర్లు, కువైటీ కుర్రాళ్ళు కలిసి ఐస్ హాకీ ఆడేవారు. దూసుకొచ్చే రబ్బరు బిళ్ళకు ఎదురుగా నిలబడడానికి ఎవరూ ముందుకు రాకపోతే వీణ్ణి గోల్‌కీపర్ని చేశారు. నాలుగేళ్ళు ప్రతి శుక్రవారం ఆడాడు. బయట ఎండ మండిపోతుంటే వీడు చలికి ముక్కు ఎగబీల్చుకుంటూ ఇంటికొచ్చేవాడు. వారమంతా డాబాల మీద ఏసీలతో కుస్తీ పట్టే మనిషి, ఆ గంటన్నర కోసమే బతికాడు.

నాలుగో ఏడు వాళ్ళ జట్టు టోర్నమెంటులో ఫైనల్‌కి వచ్చింది. ఆ నాడే వాడికి డ్యూటీ పడింది. ఆగస్టులో ఏసీ మెకానిక్‌కి సెలవెవరిస్తారు? జ్వరమని ఫోన్ చేసి వెళ్ళి ఆడాడు. చివరి నిమిషంలో బిళ్ళనాపి గెలిపించాడు కూడా. ఆ జ్వరం సంగతి నాకు తెలుసు. తెలిసీ, ఆ సాయంత్రం పొంగిపోయి, కప్పు పట్టుకున్న వాడి ఫోటో చుట్టూ గులాబీలు పెట్టి, 'మన తెలుగు బిడ్డకు అభినందనలు' అని రాసి గ్రూపులో పెట్టాను. తేదీ కూడా వేశాను, చూడండి నా బుద్ధి. వాడి సూపర్‌వైజరు కూడా తెలుగాయనే, ఆ గ్రూపులోనే ఉన్నాడు. 'శుభాకాంక్షలు తమ్ముడూ' అని అందరికన్నా ముందు పెట్టింది ఆయనే. మర్నాడు పోస్టరు కంపెనీ ఆఫీసుకు చేరింది.

ఉద్యోగం పోయింది. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు గడువు ఇంకో నెలే ఉంది. కంపెనీ వదిలేస్తున్నామని రిలీజ్ కాగితం ఇస్తే వేరేచోట చేరి ఇక్కడే ఉండొచ్చు. వాడి వీసాకు పూచీపడ్డ కఫీల్ దగ్గరికి వెళ్ళి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఆయన టీ ఇప్పించి, ఖలాస్ అన్నాడు. సూపర్‌వైజరు ఇంటికి వెళ్తే, ఆయన లేరని భార్య తలుపు సందులోంచి చెప్పింది. లోపల ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది. ఆ నెలంతా మా బావమరిది పొద్దున్నే లేచి, వెళ్ళడానికి పనిలేక, స్కేట్లు తుడుచుకుంటూ కూర్చునేవాడు. చూడలేక ఒకరోజు, నన్ను తిట్టరా అన్నాను.

“మీరు ప్రేమతో పెట్టారు గదండీ బావగారూ. తిట్టడానికి నోరు రావట్లేదండి,” అన్నాడు.

గడువు తీరగానే ఇండియా వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఊళ్ళో ఏసీలు బాగుచేసుకుంటూ బాగానే సంపాదిస్తున్నాడు. కిందటి నెల ఉండబట్టలేక, మళ్ళీ వీసా చూడనా అని ఫోన్లో అడిగాను. 

“కింద కూర్చుంటే లేవలేకపోతన్నానండి బావగారూ. ఇంకేం ఆడతానండి,” అన్నాడు.

వీసా అయితే ఎలాగోలా తెప్పించగలను. వాడు గోలు ముందు నిలబడాల్సిన ఈ ఆరేళ్ళు మాత్రం, ఎవరి ప్రేమ వల్ల పోయినా, పోయినట్టే.