చలవ చేసిన కారు

నిన్న మధ్యాహ్నం ఎండకు తాళలేక గ్లాసులో సబ్జా గింజలు నానబెట్టాను. అవి ఉబ్బి తెల్లటి పొర కట్టుకుంటుంటే వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. మా ఆయన తొంగిచూసి, "ఏమే, పిచ్చి పట్టిందా?" అన్నారు. గ్లాసు చూపించాను. మొహం ముడుచుకుని వెళ్ళిపోయారు. ఆయనకు ఆ గింజలంటే ఇప్పటికీ గిట్టదు.

మాది రాబర్ట్‌సన్‌పేట బజారులో ధాన్యం కొట్టు. మా మామగారు బతికున్న రోజుల్లో, బంగారు గనిలో పనిచేసిన దొర ఒకాయన సొంత దేశానికి పోతూ అమ్మేసిన కారును ముచ్చటపడి కొన్నారు. నల్లటి కారు, గుండ్రటి దీపాలు, లోపల తోలు సీట్లు. అది గుమ్మంలోకి వచ్చిన నాటినుంచి మా ఇంటి ఆడవాళ్ళకు ఒక చట్టం పుట్టింది: ఊరు దాటాలంటే ఆ కారులోనే దాటాలి. బస్సెక్కితే పరువు తక్కువ. టాక్సీ పిలిస్తే, ఇంట్లో కారు పెట్టుకుని టాక్సీనా అని బజారు నవ్వుతుంది. పోనీ ఇంకొకటి కొందామంటే, "నాయన కారు ఉండంగా ఇంకొకటి యాలనే?" అని మా ఆయన. గొప్ప కోసం కొన్న ఆ కారు పోనుపోను బయట గడియ పెట్టిన గదిలా తయారైంది. అది కదిలితేనే మేము కదలాలి, అది మొరాయిస్తే మాకు వంటిల్లే దిక్కు.

అది మొరాయించేది సరిగ్గా ఎండాకాలంలోనే. రాయల్పాడులో మామిడితోట పక్కన మా అక్క ఇల్లు. అమ్మ పోయాక నన్ను ఎత్తుకుని పెంచింది ఆమే. కొన్నేళ్ళ కిందట ఒక ఎండాకాలం తుంటి విరిగి మంచాన పడింది. "నేనైతే రాలేను, నువ్వైనా ఒక్కసారి కండ్లపడి పోవే" అని ఫోన్లో ఏడ్చేది. రెండుసార్లు బయలుదేరాం. రెండుసార్లూ కోలారు దాటి తమక చేరేసరికి ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత ఎక్కేసింది. ఇంజను వేడి తగ్గాలంటే హీటరు వేసి ఆ వేడిని కారు లోపలికి లాగాలట. దొరగారి దేశపు చలికోసం పెట్టిన హీటరు, కోలారు ఎండలో, మా కాళ్ళమీద! అద్దాలు సగానికి మించి దిగవు. నేనూ మా అత్తగారూ వెనకసీట్లో కుక్కర్లో పప్పులా ఉడికి, అక్క మొహం చూడకుండానే వెనక్కి వచ్చాం. రెండోసారి ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఊపిరాడలేదు నాకు ఆ ఇంట్లో.

ఆ ఏడుపు విన్నారో ఏమో, మా ఆయన మెకానిక్‌ని పిలిపించారు. అతను మూత విప్పి లోపలికి చూసి, "బోరునీళ్ళు పోసి పోసి ఉప్పు పట్టేసింది సార్. ఇంగ కడిగినా లాభం లేదు. కొత్త రేడియేటరు వేసేద్దాం, ముందర కరెంటు ఫ్యాను పెడదాం" అన్నాడు. వేశాడు. పంపు మార్చాడు, గొట్టాలన్నీ మార్చాడు. చివర పచ్చటి కూలంటు పోసి, "దీనికి చలవ చేసేది ఇదేనమ్మా" అని, పక్కనే నిలబడి చూస్తున్న మా అత్తగారికి అర్థమయ్యేలా చెప్పాడు. ఆ మాట అనకపోతే బాగుండేది.

మూడోసారి పొద్దున్నే బయలుదేరాం. హీటరు లేదు. ముల్లు మధ్యలో బుద్ధిగా ఉంది. మధ్యాహ్నానికల్లా అక్క పక్కన కూర్చుంటానని లెక్కలు వేసుకుంటున్నాను. తమక వచ్చింది. ముల్లు లేచింది. బుస్సుమని ఆవిరి. ఫ్యాను తిరుగుతూనే ఉంది, కారు మాత్రం ఆగిపోయింది.

చల్లారేదాకా కాచుకుని మా ఆయన గుడ్డతో మూత తిప్పారు. లోపలనుంచి కప్పగుడ్లలా జిగటగా ఏవో పైకి తేలాయి. వేలితో తీసి చూశారు. సబ్జా గింజలు!

"ఎవరు పోసినారు దీంట్లో?"

మా అత్తగారు కొంగు సర్దుకున్నారు. "నేనేప్పా. చలవ చేయాలని ఆ మెకానిక్కే చెప్పినాడు కదా. వేడి చేస్తే మనం తాగేది ఇదే కదా! రాత్రే నానేసి, తెల్లారకముందే దీంట్లో పోసినాను. చెల్లెలు అక్కను చూసుకోవాలని నాకు మాత్రం ఉండదా?"

మా ఆయన నెత్తిన చేతులు పెట్టుకున్నారు. నాకు కోపమూ నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అంతలో రాయల్పాడు దారిలో పోయే శ్రీనివాసపురం బస్సొకటి దుమ్ము లేపుకుంటూ వస్తోంది. ఎప్పుడు దిగానో, ఎప్పుడు చెయ్యెత్తానో నాకే తెలియదు. బస్సు ఆగింది.

"ఏయ్, యాడికి?" అన్నారు మా ఆయన.

"అక్క దగ్గరికి. మీ నాయన కారుకు మీరు తోడుండండి."

మెట్టుమీద కాలు పెట్టానో లేదో, వెనకనుంచి నా కొంగు ఎవరో పట్టుకున్నారు. ఆపడానికనుకున్నాను. ఎక్కడానికి! డెబ్బై దాటిన మా అత్తగారు నన్ను నెట్టుకుంటూ పైకొచ్చి, కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చున్నారు. గాలికి జుట్టంతా రేగిపోయింది. సర్దుకోలేదు.

"అమ్మయ్యా! ఇంత గాలి వస్తాదా బస్సులో?"

"బస్సెక్కకూడదని ఎవరు చెప్పినారత్తా మీకు?"

"మా అత్త."

"నాకు చెప్పింది మీరు."

ఆవిడ కిటికీ అద్దం ఇంకాస్త జరిపి, "ఔనే. ఆయమ్మ పోయి ఎన్నేండ్లాయనో. వచ్చి అడుగుతాదా ఏమన్నా?" అని పకపకా నవ్వేశారు.

మనుషులు ముసలివాళ్ళై పోతారు గాని, మా ఇంట్లో వాళ్ళన్న మాటకు అన్నేళ్ళూ ఒక్క వెంట్రుకైనా నెరవలేదు. చివరికి దానికి నూరేళ్ళు నిండడానికి ఒక్క బస్సు టికెట్టంత దూరం సరిపోయింది.