దరఖాస్తుకు జతచేసిన మూడు ఫొటోలు

ఆ వీధిలో ఆయన అసలు పేరు కరెంటు బిల్లు తెచ్చేవాడికి తప్ప ఎవరికీ తెలీదు. అందరికీ ఆయన గడ్డంపైకి బాబాయి. తన ఫొటో స్టూడియోలో స్టూలు మీద కూర్చున్న ప్రతి మనిషికీ, పాలుతాగే పిల్లైనా పళ్ళూడిన ముసలైనా, ఆయన చెప్పే మొదటి మాట అదే. "గడ్డం కొంచెం పైకి... ఇంకొంచెం... ఆఁ, అలాగే ఉండండి." గడ్డం పైకెత్తిన మనిషి మొహంలో దిగులు నిలవదని ఆయన సిద్ధాంతం.

నాలుగు దేశాలు తిరిగినవాళ్ళకి తెలిసిన సంగతి ఒకటుంది. భాష మారుతుంది, నీళ్ళ రుచి మారుతుంది, వీధి కుక్కల తీరు కూడా మారుతుంది గానీ పాతకాలపు ఫొటో స్టూడియో మాత్రం ఎక్కడైనా ఒక్కలాగే ఉంటుంది. మరకలు పడ్డ అద్దం, దాని పక్కన ఎవరూ ఎత్తుకుపోకుండా దారంతో కట్టేసిన దువ్వెన, మూత పోయిన పౌడరు డబ్బా, ఏ ఒంటికైనా సరిపోయే ఒక నల్ల కోటు. సరిపోతుందంటే ముందునుంచి చూస్తేనే. వెనక బట్టల క్లిప్పులుంటాయి. కోటలూ మ్యూజియాలూ చూస్తే రాజుల సంగతి తెలుస్తుంది. మామూలు జనం తమని తాము ఎలా చూసుకోవాలని ఆశపడ్డారో తెలియాలంటే మాత్రం ఇలాంటి స్టూడియోలో ఓ పూట కూర్చోవాలి.

ఈ ఆశల వ్యాపారంలోనే బాబాయి జుట్టు నెరిసింది. కూలీ మనిషిని కలెక్టరులా, కలెక్టరాఫీసు బంట్రోతుని మంత్రిలా తీసి పంపాడు. ఫోన్లొచ్చి ఎవరి ఫొటో వాళ్ళే తీసుకోవడం మొదలయ్యాక బేరాలు పలచబడ్డాయి. ఇప్పుడొచ్చేది పాస్‌పోర్టు సైజు వాళ్ళూ, చనిపోయిన పెద్దవాళ్ళ ఫొటో పెద్దది చేయించుకునేవాళ్ళూ. ఆ పెద్ద ఫొటోలకి ఫ్రేములు కట్టేది పిన్ని, అంటే బాబాయి భార్య. నోట్లో మేకులు పెట్టుకుని పనిచేసేది కాబట్టి ఆవిడ పగలంతా తక్కువ మాట్లాడేది. మేకులు తీసిందంటే బాబాయి జాగ్రత్తగా ఉండేవాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. ఆ పిల్లకి యూనివర్సిటీలో భూగర్భ శాస్త్రంలో సీటొచ్చింది.

"భూమి మీద ఉన్నవి చాలక కిందున్నవి కూడా చదువుతుందట మీ కూతురు," అంది పిన్ని, మొహం వెలిగిపోతుండగా.

"తవ్వేది భూమినే కదా, మనల్ని కాదుగా," అన్నాడు బాబాయి.

ఫీజు కాగితం చూశాక ఆ నవ్వు కాస్త తగ్గింది. స్టూడియో అమ్మినా ఒక ఏడాదికి మించి రాదు. అయితే చదువుకి డబ్బులేని పిల్లలకోసం యూనివర్సిటీలోనే ఒక సహాయ నిధి ఉంది. దానికి దరఖాస్తు పెట్టుకోవాలి. నెలాఖరులోగా అది మంజూరు కాకపోతే సీటు జాబితాలో తర్వాతివాళ్ళకి పోతుంది. అందుకే కూతురు వారం రోజులు ఫోను ముందునుంచి లేవలేదు. దరఖాస్తులు తయారుచేసేవాళ్ళు ఒక ప్రత్యేక జాతి. వాళ్ళకి మనిషంటే గళ్ళ సముదాయం. తండ్రి వృత్తి, తల్లి వృత్తి, ఆదాయం, ఆదాయం లేకపోతే లేదనడానికి రుజువు. లేనిదానికి రుజువు తెమ్మని తత్వవేత్తలు కూడా అడగలేదు. చిట్టచివరి గడిలో ఇంటి ఫొటోలు మూడు అడిగారు. ముందు భాగం, కూర్చునే గది, వంటిల్లు.

"ఫోన్లో తీసి పెట్టేస్తా," అంది కూతురు.

బాబాయికి తేలు కుట్టినట్టయింది. "ఫొటోగ్రాఫర్ కూతురు ఫోన్లో తీసిన ఫొటో పంపిందా! రేపు నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? నువ్వు ఆ గళ్ళు నింపుకో తల్లీ. ఫొటోల సంగతి నాకొదిలెయ్."

తీశాడు. ప్రాణం పెట్టి తీశాడు. ఇంటి ముందు భాగానికి పొద్దుటి ఎండ కోసం కాచుక్కూర్చున్నాడు. పక్కనున్న టైర్ల షాపుకి వచ్చినవాళ్ళ తెల్లకారు ఒకటి గుమ్మం ముందు ఆగి ఉంది. దాన్ని తీయమందామనుకుని, ఎడమపక్క ఖాళీ బాగా నిండిందని ఉండనిచ్చాడు. వంటింట్లో పైఅరలు బోసిగా ఉన్నాయి, కంటికి అక్కడ ఒక ఎరుపు కావాలి. స్టూడియోలోంచి మైనపు పళ్ళ బుట్ట తెచ్చి పెట్టాడు. ఇక కూర్చునే గది. స్టూడియో వెనకున్న ఆ ఒక్కగదిలోనే ముగ్గురూ తింటారు, చదువుతారు, పడుకుంటారు. దాని వెనకగోడ చెమ్మతో ఊడిపోతుంటే, ఏనాడో స్టూడియోలోని ఒక పాత తెరని దానిమీద వేలాడదీశారు. ఆ తెరమీద ఎర్ర తివాచీ పరిచిన పాలరాతి మెట్లూ, పైన ఒక గాజుదీపాల గుత్తీ ఉన్నాయి. దానిముందు రెండు నగిషీల కుర్చీలు, అవి కూడా స్టూడియోవే.

వేరేవాళ్ళయితే ఆ ఫొటో చూడగానే ఉలిక్కిపడేవాళ్ళు. ఈ ముగ్గురికీ తట్టనే లేదు. కూతురు ఆ మెట్లకి జారగిలబడే ఎక్కాలు నేర్చుకుంది. పిన్ని ఏటా దాన్ని విప్పి ఉతికి ఆరేసేది. వాళ్ళ కళ్ళకి అది మెట్లు కావడం మానేసి చాలా కాలమైంది. అది గోడమీది గుడ్డ, అంతే. బాబాయి అలవాటుకొద్దీ నేలకీ తెరకీ ఉన్న అతుకు కనపడకుండా లైటు సర్దాడు. కూతురు మూడింటినీ దరఖాస్తుకి జతచేసి పంపేసింది.

వారం తిరక్కుండా జవాబొచ్చింది. కూతురు పైకి చదివింది. "మీరు తెలిపిన ఆదాయానికీ, జతచేసిన ఫొటోలకీ పొంతన లేదు. మా ప్రతినిధి మీ ఇంటికి తనిఖీకి వస్తారు. అంతవరకు దరఖాస్తు నిలిపివేయడమైనది."

"పొంతన లేకపోవడమేమిటి?" అన్నాడు బాబాయి. "అంత బాగా వస్తే!"

కూతురు ఫొటోలు మళ్ళీ తెరిచింది. ఈసారి ఎవరో పరాయివాళ్ళలా చూసింది. చూసి, నెమ్మదిగా మంచం మీద కూలబడింది. "నాన్నా, మనకి కారుంది. మేడకి పాలరాతి మెట్లున్నాయి."

పిన్ని నోట్లోంచి మేకులు తీసి బల్లమీద పెట్టింది. "బుట్టెడు పళ్ళు కూడా ఉన్నాయే, మర్చిపోకు. ఏమండీ, అడుక్కోడానికి వెళ్తూ ఆ నల్లకోటు కూడా వేసుకోవాల్సింది!"

"అడుక్కోవడం కాదది, దరఖాస్తు."

"దరఖాస్తే. సీటు పోతే ఆ కాగితాన్ని నేను ఫ్రేము కట్టిస్తా మీకు."

కూతురు కోప్పడితే బావుణ్ణనిపించింది బాబాయికి. ఆ పిల్ల కోప్పడలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

తనిఖీకి వచ్చినావిడ బాబాయి వయసుదే. భుజానికి బరువైన సంచీ, మొహాన పొద్దుట్నుంచీ ఇళ్ళు తిరిగిన అలసట. స్టూడియో దాటి లోపలి గదిలోకి వచ్చి, కాగితాల్లోంచి తల ఎత్తకుండానే అడిగింది.

"పైన ఎన్ని గదులు?"

"పైనా?" అన్నాడు బాబాయి.

ఆవిడ విసుగ్గా మెట్లకేసి నడిచి, ఆధారంకోసం చెయ్యి చాచింది. మెట్లు ఊగాయి. పాలరాయి ముడతలు పడింది. ఆవిడ ఒక్క క్షణం గుడ్లప్పగించి చూసి, తెర అంచు పట్టుకుని లాగి చూసి, నగిషీ కుర్చీలో చతికిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని పిన్ని మంచినీళ్ళు తెచ్చేసరికి తెలిసింది, నవ్వుతోందని.

"మా కమిటీలో అరగంట పోట్లాడుకున్నాం ఈ మెట్లమీద. ఒకాయన పాలరాయి ధర కూడా లెక్కగట్టాడు." కళ్ళు తుడుచుకుంది. "కారు?"

"టైరు మార్పించుకోడానికి వచ్చినవాళ్ళదండీ."

"పళ్ళు?"

"మైనం," అని పిన్ని ఒక ఆపిల్ తెచ్చి బల్లకేసి కొట్టి చూపించింది. "తినడానికి కాదు, వత్తి వేసి వెలిగించుకోవడానికి."

అంతవరకూ బాగానే ఉంది. బాబాయి కూడా నవ్వాడు. తర్వాత ఆవిడ లేచి, "అయితే ఈ గుడ్డ వెనక ఏముంది?" అని తెర పక్కకి తొలగించింది.

చెమ్మకి పెచ్చులూడిన గోడ, ఇటుకలు బయటపడ్డ మూల, పైనుంచి కారే నీళ్ళకోసం కింద పెట్టిన బకెట్టు. బాబాయి నేలచూపులు చూశాడు. ఎన్నేళ్ళుగానో ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా చూపించని గోడ అది.

"నాకు కావాల్సింది ఇదీ," అందావిడ ఫోను తీస్తూ.

"మేడమ్, అది వద్దండి. ఇంకేదైనా రాసుకోండి. ఆదాయం కాగితాలున్నాయి, బ్యాంకు పుస్తకముంది..."

"కాగితాలు అందరూ ఇస్తారండీ. కమిటీకి మీ ఇల్లు గుర్తున్నది ఫొటోతో. మార్చాల్సింది కూడా ఫొటోతోనే."

ఆవిడ తీసింది. కిటికీకి ఎదురుగా నిలబడి, చూపుడువేలు సగం కటకం మీద పెట్టి తీసింది. బాబాయి నోరు తెరవబోయాడు. కూతురు కాలు తొక్కింది. నోరు మూసుకున్నాడు. ఆవిడ మళ్ళీ తీసింది. ఈసారి ఫోను కదిలిపోయింది. పంపిన ప్రతిదాన్నీ ఆఫీసు కంప్యూటరు యంత్రం, ఫొటో స్పష్టంగా లేదంటూ తిప్పికొట్టింది. ఫొటోలు తెమ్మని పంపుతారు గానీ తీయడం నేర్పరు, అలా ఉంటుంది కొన్ని ఉద్యోగాల తీరు. ఆవిడ ఫోనుని రెండుసార్లు చీరకొంగుతో తుడిచి, చివరికి బాబాయి చేతిలో పెట్టేసింది.

"సాయంత్రంలోగా పంపకపోతే వచ్చే నెలకి పడుతుంది. అప్పటికి సీట్లు అయిపోతాయి. మీరే తీసిపెట్టండి మాస్టారూ."

బాబాయి ఫోను పట్టుకుని నిలబడ్డాడు. మైనాన్ని ఆపిల్ చెయ్యమంటే చేస్తాడు, గుడ్డని మేడ చెయ్యమంటే చేశాడు. ఉన్న లేమిని ఉన్నట్టు తీయమని ఆయన్నెవరూ అడగలేదు. కూతురు ఆయన మొహంకేసి చూడలేదు. తన కాలి బొటనవేలితో నేలమీద గీతలు గీస్తోంది. చిన్నప్పుడు పరీక్షా ఫలితాలు వచ్చే రోజున అలాగే గీసేది.

పిన్ని ముందుకొచ్చింది. "తియ్యండి. కాపురానికొచ్చినప్పట్నుంచీ ఆ గోడని రోజూ చూస్తున్నదాన్ని నేను. నాకు లేని సిగ్గు మీకెందుకు?"

బాబాయి తెర కొక్కేలు విప్పి కింద పడేశాడు. ఎదురుగా లైటు పెడితే మొహంమీది మశూచి మచ్చలు కూడా మాయమవుతాయి. ఇన్నాళ్ళూ ఆయన తీసిన అందమైన ఫొటోలన్నీ ఆ ఎదురు లైటు పుణ్యమే. ఈసారి స్టూడియో దీపం తెచ్చి గోడకి ఓ పక్కగా, దాదాపు ఆనించినట్టు నిలబెట్టాడు. అంతే, గోడ లేచి నిలబడింది. ప్రతి పెచ్చుకీ నీడ పడింది. ఇటుకల మధ్య సందులు, నీళ్ళు దిగిన చారలు, అన్నీ పైకొచ్చాయి. పిన్ని అలవాటుగా ముందుకెళ్ళి బకెట్టు పక్కకి తీయబోయింది.

"బకెట్టు అక్కడే ఉంచు," అన్నాడు బాబాయి.

ఆమె ఆగి, ఆయన్ని ఒకసారి చూసి, బకెట్టుని మళ్ళీ దాని చోట పెట్టింది.

ఒకటే తీశాడు. ఆఫీసు యంత్రం నోరెత్తకుండా మింగేసింది. కూతురు వెళ్ళి టీ పెట్టింది. తనిఖీకి వచ్చినావిడ టీ తాగి, వెళ్తూ వెళ్తూ నసిగి, తన ఉద్యోగపు కార్డుకి ఒక ఫొటో తీయించుకుంది. డబ్బు వద్దన్నా వినలేదు.

నెలాఖరుకి రెండు రోజుల ముందు మంజూరు కబురొచ్చింది. ఫీజు మొత్తం మాఫీ, హాస్టలు ఖర్చులో సగం. మిగతా సగానికి యూనివర్సిటీ లైబ్రరీలోనే పూటకి రెండు గంటలు పని చూపిస్తారట. కూతురు చదువుతూంటే పిన్ని చేతిలో సుత్తి అలాగే ఆగిపోయింది. బాబాయి కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచాడు.

"కింద ఇంకా ఏదో ఉంది," అంది కూతురు. "సహాయం ఏటా కొనసాగాలంటే, ఏటా ఇంటి కొత్త ఫొటోలు పంపాలట."

పిన్ని సుత్తి దించింది. "అయితే పిల్ల చదువయ్యేదాకా ఆ గోడ జోలికెళ్ళకండి."

"రేపొద్దున మేస్త్రీ వస్తున్నాడు," అన్నాడు బాబాయి.

"మేస్త్రీనా? డబ్బెక్కడిది?"

"వాళ్ళ పిల్ల పెళ్ళికి ఫొటోలు తీసిపెడతానన్నా. చెల్లుకి చెల్లు."

"బుద్ధుందా మీకు? వచ్చే ఏడు నున్నటి గోడ చూసి మళ్ళీ పొంతన లేదంటారు!"

"అంటే అననీ. గోడ బాగుపడిందని నా ఆదాయం పెరిగిందా? వచ్చి అడగమను, చెప్తా. చూపించమంటే పాతదీ చూపిస్తా, కొత్తదీ చూపిస్తా." కూతురు వైపు తిరిగాడు. "చదువుకోడానికి వెళ్ళే పిల్ల వెనక బకెట్టులో టప్ టప్ మని చప్పుడెందుకు? ఏమంటావు తల్లీ?"

"మేస్త్రీతో ముందు పైకప్పు చూడమని చెప్పు నాన్నా," అంది కూతురు. "నీళ్ళు దిగేది అక్కణ్ణుంచి. గోడకెంత పూసినా ఆగదు."

బాబాయి, పిన్ని ఇద్దరూ తలెత్తి పైకప్పుకేసి చూశారు.