మిరపకారం అంటిన పిడి

కొరియాలోని ఆన్‌డాంగ్‌లో, పాత ఇళ్లలో కింద వేడినీళ్ల గొట్టాలు పరిచిన వేడినేలలు బాగుచేసే మాన్‌బొక్, పని మొదలుపెట్టేముందు పనిముట్ల పెట్టె తెరవడు, మేజోళ్లు విప్పుతాడు. వట్టికాళ్లతో గది మూలమూలా మెల్లగా తొక్కుతాడు. అనుమానం వచ్చినచోట బోర్లా పడుకుని నేలకు చెంప ఆనిస్తాడు. ఆ రోజు ఉన్‌సొల్ పదిరోజుల బిడ్డను భుజాన వేసుకుని అతని వెనకే తిరిగింది. "మా గది పెనంలా కాలుతోంది బాబాయ్, అత్తయ్య గదేమో మంచుగడ్డ. నేలంతా తవ్వాలంటావా? ఈ పసిదాన్ని ఎత్తుకుని ఎక్కడికి పోను?" వంటింట్లో చేత్తో మిరపకారం పట్టించి కిమ్చీ పచ్చడి కలుపుతున్న అత్త బున్‌నే కసిరింది: "నాకేం చలి లేదు! దీనిదంతా చాదస్తం!"

మాన్‌బొక్ వంటగట్టు కింద దూరాడు. గదులకు వేడినీళ్లు పంచే గొట్టాలకు, తిప్పి తెరిచి మూసే నాలుగు పిడులున్నాయి. మూడింటిమీద ఏళ్లనాటి దుమ్ము. అవ్వ బున్‌నే గదిది మాత్రం పూర్తిగా మూసి బిగించి ఉంది. దానిమీద మిరపకారం వేలిముద్ర. తల తిప్పాడు. కోడలి వెనక నిలబడ్డ అవ్వ, కళ్లతో పసిదాన్ని చూపించి, చెప్పొద్దని వేలు పెదవులమీద పెట్టుకుంది. "తవ్వక్కర్లేదమ్మా, గొట్టంలో గాలి చేరిందంతే" అన్నాడు. "బతికించావు బాబాయ్!" అంటూ ఉన్‌సొల్ గోడకు చేరగిలబడింది. అతను ఆ గొట్టాన్ని పూర్తిగా తెరిచి, పిడిని ఊడదీసి జేబులో వేసుకున్నాడు. "ఇది అరిగిపోయింది. ఎండలు ముదిరాక కొత్తది తెస్తా." అవ్వ అతని చెవి దగ్గరకొచ్చి గొణిగింది: "ఎక్కడ అరిగిందిరా? పొద్దున కూడా నున్నగా తిరిగింది!" మాన్‌బొక్ మేజోళ్లు తొడుక్కున్నాడు. బండి దగ్గర పెట్టె తెరిచి, ఈ చలికాలంలో వేరే అవ్వల ఇళ్లలో ఇలాగే ఊడదీసిన ఐదు పిడుల పక్కన దీన్నీ పడేశాడు.