గొడ్డలి ఎవరిది?

2022 చలికాలం. మెల్‌బోర్న్‌కు తూర్పున ఉన్న కొండ అడవిలో నడకదారి వెడల్పు చేస్తున్నారు. ఆ పనికి నేను సర్వేయర్‌ని. నగరానికి పడమట పాయింట్ కుక్‌లో ఉన్న మా ఇంటి నుంచి చీకటితోనే బయలుదేరేవాణ్ణి. ఒకరోజు ఫెర్న్ పొదలు కొట్టిస్తుంటే నడుము ఎత్తు రాతి శిలువ బయటపడింది. దానిమీద పేరు లేదు, తేదీ లేదు. మధ్యలో ఒక గొడ్డలి మాత్రం చెక్కి ఉంది.

అడవిలో ఇలాంటిది దొరికితే పక్కనే ఇంటర్‌ప్రెటివ్ సైన్ పెడతారు. అంటే, అదేమిటో దారినపోయేవారికి చెప్పే బోర్డు. నడకదారి కమిటీని అడిగి అది రాసే పని నేనే తీసుకున్నాను. మాది కడప వైపు. పొలాల్లో వీరగల్లులు చూస్తూ పెరిగాను. పోరులో చనిపోయినవాడి ఆయుధాన్ని ఆ రాళ్లమీద చెక్కుతారు. అందుకే నాకు అనుమానమే రాలేదు. ‘ఇక్కడ ప్రాణం విడిచిన ఒక కలప కార్మికుడి స్మారకం. గొడ్డలి అతని శ్రమకు గుర్తు’ అని రాశాను. మన తెలుగు సంఘం పత్రికలో కూడా ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. అది చదివినవారి కోసమే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

బోర్డు పెట్టిన కొన్నాళ్లకు హెల్గా అనే జర్మన్ ఆవిడ నేను పనిచేస్తున్న చోటికి కర్ర ఊతంతో నడుచుకుంటూ వచ్చారు. ఎనభై దాటి ఉంటాయి.

“ఇది రాసింది నువ్వేనా?”

“అవునండీ.”

“బాగానే రాశావు, కానీ తప్పు రాశావు. ఆ గొడ్డలి చనిపోయినవాడిది కాదు. మా నాన్నది.”

యుద్ధం తర్వాత ఆమె తండ్రి, అతని స్నేహితుడు ఆంటన్ కలిసి ఈ అడవిలో చెట్లు కొట్టే పనికి వచ్చారట. ఒకనాడు తండ్రి తప్పుకోమని కేక వేయకుండానే చివరి దెబ్బ వేశాడు. చెట్టు ఆంటన్ మీద పడింది.

జర్మనీలో వాళ్ల ఊరి అడవిలో మధ్యయుగాల నాటి రాతి శిలువ ఒకటి ఉందట. ఎప్పుడో ఒక మనిషి తగాదాలో పొరుగువాణ్ణి గొడ్డలితో చంపాడు. నెత్తురు పడిన చోట చంపినవాడే శిలువ నిలబెట్టాలి. అప్పుడు చనిపోయినవాడి మనుషులు పగ వదిలేస్తారు. ప్రాణం తీసిన పనిముట్టును కూడా దానిమీద చెక్కాలి. అది అక్కడి ఆచారం. తండ్రి ఆ శిలువను గుర్తు తెచ్చుకుంటూ ఇక్కడ ఇది చెక్కాడు. నిలబెట్టిన రోజు ఆంటన్ భార్య వచ్చి రాతిమీద చెయ్యి వేసి నిలబడిందట.

“మా నాన్నకు క్షమించమని అడగడానికి నోరు రాలేదు. రాయి చెక్కి అడిగాడు. నువ్వు దాన్ని పొగడ్త చేసేశావు.”

“కమిటీలో పెడతానండీ” అన్నాను.

“తొందరగా పెట్టు. నా మోకాళ్లు మీ కమిటీ కోసం ఆగవు.”

నేను పెట్టలేదు. బోర్డు మారిస్తే నాకు తెలియదని ఊరంతటికీ చెప్పుకున్నట్టు ఉంటుంది. రెండు చలికాలాలు గడిచాయి. ఒక ఆదివారం ఏదో మాటల్లో ఈ సంగతి బయటపడితే నా భార్య సుజాత కూరగాయలు తరగడం ఆపేసింది.

“ఆయమ్మ వాళ్ల నాయన గురించి చెప్తావుంటే మధ్యలో నీ కమిటీ ఏందబ్బా? సారీ చెప్పి మార్చేదానికి అంత ఈగోనా?”

మర్నాడే హెల్గా ఇంటికి వెళ్లాను. ఆమె వీల్‌చెయిర్‌లో ఉన్నారు. ఆలస్యం చేశానని, అది బద్ధకం కాదు, పరువు కోసమని చెప్పాను. ఆమె “టీ పెట్టుకో. నాకూ పెట్టు” అన్నారు. కొత్త మాటలు ఇద్దరం కలిసి రాశాం.

కొత్త బోర్డు వచ్చిన రోజు ఆమెను కారులో ఎక్కించుకుని, ఫైర్ ట్రక్కుల కోసం వేసిన మట్టిదారిలో నెమ్మదిగా తీసుకెళ్లాను. బోర్డు పైకి చదివాను. ‘ఇది ఆంటన్ చనిపోయిన చోటు. చెట్టు కొట్టిన స్నేహితుడే ఈ రాయి చెక్కాడు. గొడ్డలి అతనిది.’

ఆమె చెయ్యి చాచి రాతిమీద గొడ్డలిని తడిమారు. చాలాసేపు తీయలేదు. తర్వాత బోర్డు వైపు తిరిగారు.

“ఒకటి తక్కువైంది.”

“ఏంటండీ?”

“తప్పు చేసిన పనిముట్టును చెక్కాలని చెప్పానుగా. నీది పెన్ను” అని నవ్వారు.

ఇప్పుడు ఏ పాత రాయి దొరికినా దాని అర్థం చెప్పడానికి తొందరపడను. నిలబెట్టినవాళ్ల మనుషులు చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా అని ముందు వాకబు చేస్తాను. ఆ బోర్డు కింద మూలన, తర్వాత నేను వేయించిన చిన్న పెన్ను బొమ్మ ఉంటుంది. చూసినవాళ్లు ప్రింటింగ్ వాళ్ల గుర్తు అనుకుంటారు. అది నాది.